రోకలి పడని సాయంత్రం

మాఘ అమావాస్య, శనివారం, పగలు పావు తక్కువ నాలుగు గంటలకు ఇబ్రహీంపట్నంలో సూర్యుడు పూర్తిగా మాయమయ్యాడు. రెండు నిమిషాలు, ఇంకా కొంచెం. తర్వాత మళ్లీ వచ్చాడు. అయిదు కొట్టేసరికి గ్రహణం మొత్తం విడిచింది. మా ఇంట్లో మాత్రం ఆరు దాకా విడవలేదు. నేను రాసేది ఆ ఒక్క గంట గురించి.

గడియారం చూడటం అప్పుడు నాకు రాదు. అక్షరం ముక్క రాదు. గంటలు తర్వాత కనుక్కున్నవి. నాకు పదకొండో పన్నెండో ఏళ్లు.

ఇన్నేళ్లకు ఎందుకు రాస్తున్నానంటే, మొన్నటి చంద్రగ్రహణం వల్ల. మా పక్కింటామె కూతురు ఆదిభట్లలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది, కంపెనీ బస్సులో పోయి వస్తుంది. కడుపుతో ఉంది, ఆరో నెల. ఆ రోజు తల్లి ఆమెతో సెలవు పెట్టించి పడకగదిలో పడుకోబెట్టింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. హాల్లో టైల్సు మీద స్టీలు పళ్లెం పెట్టి, పసుపు నీళ్లు పోసి, అందులో రోకలి నిలబెట్టింది. ఆ ఇంట్లో రోకలి లేదు, పక్క వీధిలో అడిగి తెచ్చింది. నిలబడగానే ఫోనులో ఫోటో తీసి చుట్టాలందరికీ పంపి, నన్ను పిలిచింది.

"చూసినవా అక్కా, ఎట్ల నిలబడ్డదో! పట్టుకోకుండనే."

"అడుగు సాపుగుంటే ఎన్నడైనా నిలబడ్తది. రేపు పెట్టి చూడు" అన్నాను.

"నీకన్నీ ఎకసెక్కాలే. ఎనుకట ఈ పట్నంలనే ఒక అత్త, రోకలి పడకముందే ఆగలేక చేతుల పడేసిందంట. పడేసిన నిమిషంలనే కోడలు పాణమిడిసింది, పిల్లతోని సహా. మా అమ్మమ్మ చెప్పేది. గా అత్తకు పురుగులు పట్టినయంట సచ్చేటప్పుడు."

ఆ అత్త మా అమ్మ. ఆమెకు పురుగులు పట్టలేదు. దగ్గుతో పోయింది.

మా ఇల్లు అప్పుడు ఊరి చివర, మట్టి గోడల పెంకుటిల్లు. ముందు సాయబాన్ అనే వసారా, ఎండ పడకుండా దానికి పడమటి వైపు తాటాకు తడక. వెనక రెండు బర్రెలు. మాఘమాసంలో ఆ ఇంటికి ఒక వాసన ఉండేది: కందికట్టె పొగ, పేడ, కుండలో ఉడికే కందికాయ, వాటన్నింటి మీద నాయనమ్మ చుట్ట. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంటు, కింద టైల్సు అమ్మే దుకాణం. పోయి నిలబడితే ఏ వాసనా రాదు. నేను పోయి నిలబడ్డాను కాబట్టే చెబుతున్నాను.

వదిన రావిర్యాల పిల్ల. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. పొడుగు మనిషి, నోరు ఇంకా పొడుగు. మొదటి కాన్పు పుట్టింట్లో కావాలి కానీ ఆమెకు తల్లి లేదు. అందుకని నిండు నెలలతో మా ఇంట్లోనే ఉంది. నేనంటే ప్రాణం అని రాయను. పని చెప్పడానికి నేను కావాలి, అంతే. పచ్చి చింతకాయ కోసం నన్ను చెట్టెక్కించేది. బర్రెల కొట్టం వెనక కూర్చుని, ఉప్పూ పచ్చిమిర్చీ నూరుకుని ఇద్దరం పళ్లు జివ్వుమనేదాకా తినేవాళ్లం. నాయనమ్మ పట్టుకునేది.

"పుల్లటిది తినకే! కడుపుల పిల్లకు దగ్గొస్తది."

"రానీయ్ అవ్వా. దగ్గితే ఆడనే ఉన్నదని ఎర్కయితది" అనేది వదిన.

నాయనమ్మకు నవ్వు వచ్చేది కాదు. ఆమెను రాక్షసి అని చెప్పను, ఆ మాట అబద్ధం. ఆమెకు బాపు తర్వాత ఇంకో కొడుకు పుట్టాడట. చంద్రగ్రహణం నాడు, తెలియక, కత్తిపీట మీద కూర్చుని వంకాయలు తరిగిందట. పిల్లవాడు పై పెదవి ముక్కు దాకా చీలి పుట్టాడు. పాలు పడితే ముక్కులోంచి వచ్చేవి. పన్నెండో రోజు పోయాడు. కందికాయ వలుస్తూ ఈ సంగతి మాకు ఎన్నిసార్లో చెప్పింది.

"నాల్గు వంకాయలే పిల్లా. నాల్గు వంకాయలు కోసిన. గంతే." అని గింజలు చేటలో పడేసేది.

అందుకని ఆ ఇంట్లో గ్రహణమంటే ఆట కాదు. అంతకుముందు వచ్చిన చంద్రగ్రహణానికి మా రోకలి నిలబడలేదు. ఎన్నిసార్లు పెట్టినా దభీమని పడింది. కింద ఉన్న ఇనుప పొన్ను ఒకవైపు అరిగింది, ఎట్లా నిలబడుతుంది? గోడ అవతలి పెద్దమ్మ రోకలి మాత్రం స్తంభంలా నిలబడింది. ఆమె గోడ మీదుగా తొంగిచూసి, "ఏమో తల్లి, మీ ఇంట్ల ఏదో దోషమున్నట్టుంది" అంది. నాయనమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అది నేను చూశాను.

సూర్యగ్రహణం వారం ఉందనగా అన్న గుట్ట మీద నుంచి తేనెతుట్టె తెచ్చాడు. వదినా నేనూ కూర్చుని నమిలాం. తేనె పీల్చి మైనం ఉమ్మేస్తుంటే, ఆ మైనాన్నంతా నేను ముద్ద చేసి పెంకుల సందులో దాచుకున్నాను. పిల్లలకు ఏదైనా దాచుకోవాలనే ఉంటుంది. 

ఆ వారం రోజులూ ఊరంతా ఒకటే మాట. రేడియో చెప్పింది, సూర్యుడు పూర్తిగా పోతాడు, బయటికి రావద్దు అని. నగరం నుంచి జీపుల్లో మనుషులు పొడుగు గొట్టాలు పట్టుకుని గుట్టల వైపు వచ్చారు. పెట్టెలు మోయడానికి అన్నను కూలికి పిలిచారు.

"సూర్యున్ని ఫోటో తీస్తరంట బాపూ."

"ఎందుకురా, పెండ్లి సంబంధానికా?" అన్నాడు బాపు.

శనివారం పొద్దున్నే అన్న వెళ్లిపోయాడు. మధ్యాహ్నం లోపలే వంటా తినడమూ అయిపోయాయి. వదిన మూడు జొన్నరొట్టెలు చింతకాయ తొక్కుతో తిన్నది. మిగిలింది బర్రెలకు పెట్టారు. పాలకుండ మీద, చల్ల మీద, తొక్కు జాడీ మీద గరికపోచలు వేశారు. తర్వాత వదిన గింజలు పోసుకునే అర్రలోకి పోయింది. దానికి కిటికీ లేదు. చాప మీద వెల్లకిలా పడుకోవాలి. కాళ్లూ చేతులూ ముడవకూడదు, గోకకూడదు, మంచినీళ్లు తాగకూడదు.

"పొయ్యొస్త ఆడిబిడ్డా, జైలుకు" అంది నాతో, గడప దాటుతూ. నాయనమ్మ బయట గొళ్లెం వేసి తలుపుకు అడ్డంగా కూర్చుంది.

రోకలి పని నాది. ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్ల పెడితేనే నిలబడుతుందని మా దగ్గర నమ్మకం. గ్రహణం విడవగానే అది దానంతట అదే పడుతుందని, పడ్డాకే తలుపు తీయాలని కూడా. సాయబాన్‌లో ఇత్తడి తాంబాళం పెట్టాను. ఎవరూ చూడకుండా మైనం ముద్దను చేతిలో మెత్తగా పిసికి, అరిగిన వైపు పొన్నుకు అంటించి, తాంబాళంలో గట్టిగా అదిమాను. పైన పసుపు నీళ్లు పోశాను. చిక్కటి పసుపు, అడుగు కనబడదు. చేతులు తీశాను. నిలబడింది.

ఆ పని ఎందుకు చేశాను? గోడ అవతలి పెద్దమ్మ నోరు మూతపడాలని. నాయనమ్మ అన్నం తినాలని. ఇంకా, నన్ను మెచ్చుకోవాలని. మెచ్చుకుంది. తలుపు దగ్గర నుంచి లేచి వచ్చి చూసి, కళ్ల నీళ్లు పెట్టుకుని నా నెత్తి నిమిరింది. పుట్టినప్పటి నుంచి ఆమె నా నెత్తి నిమిరింది అదొక్కసారే.

రెండున్నర ప్రాంతంలో పట్టింది. సూర్యుడి వైపు చూస్తే కళ్లు పోతాయని నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. తాటాకు తడక సందుల్లోంచి ఎండ ఎప్పుడూ గోడ మీద గుండ్రటి చుక్కలుగా పడేది. ఆ రోజు ఆ చుక్కలన్నింటికీ ఒకవైపు కొరికినట్టయింది. చూస్తుండగానే సగమయ్యాయి, కొడవళ్లయ్యాయి. గోడ నిండా సన్నటి వెలుగు కొడవళ్లు, వందలు. ఎండ ఉంది కానీ ఎండలో వేడి లేదు. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. కోళ్లు గంప కిందికి దూరాయి. బర్రె ఒకటి అంబా అని ఆపేసింది. పడమటి నుంచి నీడ, వానమబ్బు కంటే వేగంగా, చేల మీదుగా వచ్చి మా మీద పడింది.

అప్పుడు చూశాను. ఎవరూ లేరు కదా అని వాకిట్లోకి వచ్చి తలెత్తి చూశాను. ఆకాశంలో నల్లటి రంధ్రం, దాని చుట్టూ ముసలమ్మ జుట్టులా తెల్లటి పోగులు. పక్కన చుక్క మెరుస్తోంది. నేల అంచు చుట్టూ, నాలుగు దిక్కులా, పొద్దుగూకినట్టు ఎర్రగా ఉంది. అంత అందమైనది మళ్లీ చూడలేదు. అది చూసినందుకు సంతోషపడాలో వద్దో ఇప్పటికీ తెలియదు. ఒక అంచున నిప్పురవ్వలా వెలుగు పుట్టగానే సాయబాన్‌లోకి పరుగెత్తాను.

కాసేపటికి అర్రలోంచి వదిన గొంతు.

"అవ్వా, నడుము గుంజుతున్నది."

"పండుకో. ముడుసుకోకు. విడుపు కానీ" అంది నాయనమ్మ.

"అవ్వా, నొప్పులే ఇవి. నీళ్లు పోయినయ్."

అమ్మ పరుగెత్తి మంత్రసానిని పిలుచుకొచ్చింది. గ్రహణంలో గడప దాటింది, అదొక తప్పు. మంత్రసాని తలుపు దగ్గర కూర్చుని, "బిడ్డా, కాళ్లు ముడుసుకో, పక్కకు ఒరుగు" అని కేకేసింది. నాయనమ్మ, "ముడుసుకోకు! పిల్ల వంకర పుడ్తది!" అని కేకేసింది. లోపల ఉన్నామె ఎవరి మాట వినాలి?

గోడ మీద కొడవళ్లు లావయ్యాయి. సగమయ్యాయి. ముప్పావయ్యాయి. అన్నీ గుండ్రంగా నిండాయి. ఒక్కదానికీ కొరుకు లేదు. గ్రహణం విడిచిందని నాకు తెలుసు. ఆ ఇంట్లో మొదట తెలిసింది నాకే. వాడలో బిందెల చప్పుడు మొదలైంది, అందరూ విడుపు స్నానాలు చేస్తున్నారు.

"ఇడిసిందే అవ్వా. అందరు తానాలు చేస్తుండ్రు. తలుపు తియ్" అన్నాడు బాపు.

"వాళ్ల రోకళ్లు పడ్డయ్. మనది పడలే. మనింటి మీద ఇంకున్నది. కండ్లు లేవా నీకు?"

బాపు రోకలిని చూశాడు. నిటారుగా ఉంది. వాకిట్లోకి పోయి కూర్చున్నాడు. చలికి మైనం గట్టిపడింది. దానంతట అది పడదు.

తడి బట్టలతో వాడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఊరందరి రోకళ్లూ పడిపోయాక మా ఇంట్లో ఇంకా నిలబడి ఉందంటే చూడకుండా ఉంటారా? కుంకుమ చల్లారు. కర్పూరం వెలిగించారు. గోడ అవతలి పెద్దమ్మ చెంపలు వేసుకుంది. నాయనమ్మ మొహంలో భయమూ ఉంది, గర్వమూ ఉంది. నేను ఆ మొహాన్ని చూసి నోరు మూసుకున్నాను.

నన్ను తలుపు దగ్గరికి పిలిచింది వదిన. చెక్కల సందులోంచి.

"ఓ పిల్లా. రోకలి పడ్డదా?"

"లే వదినే."

"జర తన్నరాదే. ఎవ్వలు చూడకుంట." అప్పటికి ఇంకా నవ్వుతోంది.

"పాపం తాకుతది" అన్నాను నేను.

మైనం పెట్టింది నేను, పాపం మాట చెప్పింది నేను. మళ్లీ కొంతసేపటికి అడిగింది. "పడ్డదా?" "లే." ఈసారి నవ్వు లేదు. నీళ్లు తెచ్చే వంకతో పోతూ తాంబాళాన్ని కాలితో తాకించాను. రోకలి ఊగింది, పడలేదు. ఎవరో నా జుట్టు పట్టి వెనక్కి లాగారు. "అడ్డమొస్తున్నవ్, కూసో!" అన్నారు. కూర్చున్నాను. గోడ మీద గుండ్రటి చుక్కలు ఎర్రబడుతూ పైకి పాకుతున్నాయి. వదిన మూడోసారి అడగలేదు. మూలుగు కూడా ఆగింది.

మంత్రసాని లేచి నిలబడింది. "అక్కా, లోపట సప్పుడైతలేదు. నేను చాన కాన్పులు చేసిన. ఈ సప్పుడు లేకపోవుడు మంచిది గాదు."

అప్పుడు నేను అమ్మ దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. మైనం అన్నాను. ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఒకసారి నా మొహం చూసింది. తర్వాత జనంలోంచి నడిచిపోయి, కాలు జారినట్టు, మొత్తం ఒళ్లుతో రోకలి మీద పడింది. తాంబాళం తలకిందులైంది. పసుపు నీళ్లు అందరి కాళ్ల మీద పడ్డాయి. జనం ఒక్కసారిగా అరిచారు.

అమ్మ మోకాళ్ల మీద లేచి, "పడ్డది గద. తీయుండ్రి" అంది.

ఎవరూ కదల్లేదు. ఆమే నాయనమ్మను పక్కకు నెట్టి గొళ్లెం తీసింది.

లోపల ఏమున్నదీ రాయను. చాప నల్లగా ఉంది. వదిన నాయనమ్మ చెప్పినట్టే కాళ్లు చాపుకుని, చేతులు పక్కన పెట్టుకుని, తిన్నగా పడుకుని ఉంది. బిడ్డ ఆడపిల్ల. పెదవి చీలలేదు, వేళ్లన్నీ ఉన్నాయి, ఏ వంకరా లేదు. ఏడవలేదు. మంత్రసాని చేతులు కడుక్కుంటూ, "గంట ముందు తీస్తే దవాఖానకన్న ఏసుకపోదుము" అంది. నిజమో, ఊరికే అన్నదో. ఇన్నేళ్లుగా అది నిజం కాకపోతే బాగుండు అనుకుంటున్నాను.

పొద్దుగూకే వేళకు అన్న వచ్చాడు. జీపుల వాళ్లు ఇచ్చిన నల్లటి ఫిల్ము ముక్క చేతిలో ఉంది. వాకిట్లో అంతమందిని చూసి, "పుట్టిందా?" అని అడిగాడు.

అమ్మ ఆ రాత్రే కొడవలి మొనతో పొన్ను మీది మైనం గీకి పొయ్యిలో వేసింది. "ఎవ్వలకు చెప్పకు" అంది. "నాకెట్లైనా పేరొచ్చింది. నీకెందుకు."

పేరు వచ్చింది. నిలిచిన రోకలిని పడేసి కోడలిని మింగిన అత్త. నాయనమ్మ బతికినన్నాళ్లూ అమ్మ చేతి నీళ్లు తాగలేదు. అన్న మళ్లీ పెళ్లి చేసుకుని నగరం పోయాడు, అమ్మ చనిపోయినా రాలేదు. బాపు ఏ పక్షమూ మాట్లాడలేదు, ఆయన ఎప్పుడూ అంతే. నేను నిజం చెప్పి ఉండవచ్చు. అమ్మ వద్దన్నది కదా అని ఊరుకున్నాను. అది సాకు. పెళ్లి కాదని భయం, పెళ్లయ్యాక అత్తింటి భయం, పిల్లలయ్యాక పిల్లల భయం. భయాలన్నీ అయిపోయేసరికి అమ్మ లేదు.

నలభై దాటాక, సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదివిన మొదటి పాఠాల్లో గ్రహణం ఒకటి. అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడికీ మనకీ మధ్య వస్తాడు. చంద్రుడు చిన్నవాడు కానీ దగ్గరివాడు, అందుకే కంటికి అడ్డం పెట్టిన అరచేయిలా అంత సూర్యుణ్నీ కప్పేస్తాడు. ప్రతి అమావాస్యకూ ఎందుకు కాదంటే, ఆయన నడిచే దారి కొంచెం వాలుగా ఉంటుంది, ఎక్కువసార్లు పై నుంచో కింది నుంచో పోతాడు. పౌర్ణమి నాడు మనమే మధ్యలో ఉంటాం, మన నీడ పోయి చంద్రుడి మీద పడుతుంది. నీడ, అంతే. ఆ పేజీ చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చదివాక పుస్తకం మూసి, ఈ పేజీ ముందే చదివి ఉంటే ఏమయ్యేది అని ఆలోచించాను. ఏమీ అయ్యేది కాదు. గోడ మీద చుక్కలు నిండాయని చదువు లేకుండానే చూశాను. తెలిసి కూర్చున్నాను.

మొన్న ఆ గ్రహణం నడుస్తుండగానే పక్కింటామెకు మొత్తం చెప్పాను. ఒకరికి నోరు విప్పి చెప్పడం అదే మొదలు. పొన్ను, మైనం, గోడ మీది చుక్కలు, అమ్మ. ఆమె శ్రద్ధగానే విన్నది. విని, నా చేయి పట్టుకుంది.

"నీ తప్పేం లేదక్కా. నీతోని మైనం పెట్టిచ్చింది గూడ గా గ్రహణమే. పాణం తీసుకోవాలని రాసి పెట్టుంటే ఎవ్వల చేతనన్న చేపిస్తది."

అని, లోపల ఉన్న కూతురికి వినబడేలా, "తిన్నగ పండుకున్నవా బిడ్డా?" అని కేకేసింది. డిగ్రీలు చదివిన ఆ పిల్ల, "పండుకున్ననమ్మా" అంది.

నేను లేచి వచ్చాను. ఇది రాస్తే ఎవరో మారతారని రాయడం లేదు. ఎవరూ మారరు. వాళ్లు చెప్పుకునే కథలో అమ్మకు పేరు లేదు, అత్త అంటారు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లకు పేర్లున్నాయి. రాయడం వచ్చు కాబట్టి రాస్తున్నాను.

నాయనమ్మ బాలమ్మ. బాపు జంగయ్య. అన్న నర్సింహ, అన్నీ అయిపోయాక వచ్చాడు. మంత్రసాని సాలమ్మ. గోడ అవతలి పెద్దమ్మ ఈదమ్మ. కర్పూరం వెలిగించిన పోచయ్య, నా జుట్టు పట్టి లాగిన రాములమ్మ, తలుపు దాకా వచ్చి వెనక్కి పోయిన బుచ్చయ్య, ఆయన భార్య చెన్నమ్మ. వదిన యాదమ్మ. ఆమె బిడ్డ, పేరు పెట్టలేదు. నేను, సత్తెమ్మ. మా అమ్మ, అండాలు. తలుపు తీసింది ఆమె ఒక్కతే.